దొరసాని మరువం

పెనుకొండ నుంచి మొన్న కార్డు వచ్చింది. నాలుగే నాలుగు వరసలు. ఆయమ్మ ఆదివారం పొద్దున చర్చికి పోదామని ఉతికిన చీర కట్టుకుని, చెప్పులేసుకోవడానికి గడపలో కూర్చుని, అట్లే పక్కకు ఒరిగిపోయిందంట. సాయంత్రానికే సమాధి చేసేసినారంట. రాసింది పెనుకొండలో నేనుండిన పోర్షన్‌లో నా తర్వాత దిగిన టీచరమ్మ. ఆ పిల్లను నేను చూడలేదు. "మీకు తెలియజేయాలనిపించింది" అని చివర్లో ఒక ముక్క రాసింది.

ధర్మవరంలో మా వీధి పొడుగునా మగ్గాలే. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఆ చప్పుడే. ఆ పొద్దు కార్డు పట్టుకుని నిలబడితే నాకు ఏ చప్పుడూ వినపడలేదు. కార్డు దాచిపెడదామని బీరువా సొరుగు తీసినాను. చీరల పక్కన ఒక చిన్న గుడ్డసంచి. పోయిన యేడు ఆయమ్మ పంపింది. దాని మూతికి వేసిన దారం ముడి ఆమె వేసింది వేసినట్టే ఉంది. సొరుగు మూసేసినాను. ఆ సంచి సంగతి ముందే చెప్పే ధైర్యం నాకు లేదు. ఆయమ్మ సంగతి చెప్తాను.

నేను పెనుకొండ స్కూలుకు పోయేటప్పటికి నయాపైసలు కొత్త. సంతలో ముసలివాళ్లు ఇంకా అణాల్లోనే బేరమాడేవాళ్లు. నాకు ఇరవై నాలుగేండ్లు. పెండ్లయిన రెండో యేడే మనిషి పోయినాడు. మాది రొద్దం పక్క పల్లె, సేద్యం ఇల్లు. "మూల కూర్చుంటే పిల్ల పిచ్చిదైపోతుంది" అని మా నాయన నలుగురి మాటా కాదని నన్ను ట్రైనింగుకు పంపినాడు. అట్లా టీచర్నయి, ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్టతో పెనుకొండలో దిగినాను. ఒంటరి ఆడదానికి ఇల్లు ఇవ్వడానికి ఊళ్లో అందరూ వెనకాడితే, చర్చి వీధి చివర ఒక పోర్షన్ దొరికింది.

దిగిన మరుసటి పొద్దున గోడ అవతల దంచుతున్న చప్పుడు. తొంగి చూస్తే, అరవై దగ్గర పడిన మనిషి, తెల్లచీర, జాకెట్టు చేతులు మోచేతుల దాకా, రోట్లో గచ్చు పెల్లలు దంచుతా ఉంది. కోట గోడలు కూలి కింద పడింటాయే, ఆ పాత సున్నపు గచ్చు.

"ఏం చేస్తాండావమ్మా?" అన్నాను.

"కూడు వండుతాండా" అనింది తలెత్తకుండా.

"ఎవరికి?"

"అదో, దానికి."

గోడ నీడలో పగిలిన కాగు ఒకటి ఉంది. అందులో మోకాలెత్తు చెట్టు. సన్నటి ఆకు, బూడిద పూసుకున్న రంగు. అందం చందం ఏమీ లేదు. నా ముఖం చూసి ఆమె లేచి వచ్చి, ఒక ఆకు చిదిమి నా ముక్కు కింద పెట్టింది. అట్లాంటి వాసన నేనెప్పుడూ ఎరగను. మరువం కాదు, దవనం కాదు. ఉతికి ఆరేసిన దుప్పటి కప్పుకున్నట్టు అనిపించింది. ఎందుకో నాకు ఏడుపొచ్చింది.

"వస్తుందిలే. మొదట అందరికీ వస్తుంది" అని మళ్లీ రోకలి పట్టుకుంది.

దాని పేరు లావెండరు. వీధిలో వాళ్లు దొరసాని మరువం అనేవాళ్లు. ఆడపిల్లలు జడల్లోకి రెండు రెమ్మలియ్యమని అడిగితే, "ఇది తల్లోకి కాదు, పెట్లోకి" అని పంపించేసేది. ఆమెను ఊరంతా ఆయమ్మ అనింది, నేనూ అదే అన్నాను. అసలు పేరు నాకు తెలుసు, కానీ ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్లు ఎవరూ మిగిలిలేరు.

ఆ చెట్టును ఆమె సాకే పద్ధతి చూస్తే మా పల్లెలో రైతులు నవ్విపోతారు. ఎరువు వెయ్యదు. మట్టి తక్కువ, గులకరాళ్లు, గచ్చుపొడి ఎక్కువ. కాగుకు అడుగున మూడు బొక్కలు. పొద్దుటి ఎండ పడాలి, మధ్యాహ్నం గోడ నీడ రావాలి. నీళ్లు ఎనిమిది దినాలకు ఒకసారి, అరచెంబు, అదీ మొదలు దగ్గరే, ఆకు తడవకూడదు. వానలు పడినాక ఊదా రంగు కంకులు వేసేది. కంకి కింద పూలు విడిచి, పైవి ఇంకా మొగ్గగా ఉన్నప్పుడే కోసి, పిడికెడు పిడికెడు కట్టి, దూలానికి తలకిందులుగా వేలాడేసేది. కొమ్మ కత్తిరించేటప్పుడు పచ్చగా ఉన్న చోటే కత్తెర పెట్టేది. "ముదురు కట్టె మీద కోస్తే మళ్లీ చిగురెయ్యదు. మనిషి మాదిరే. యాడ కోయాలో తెలిసి కోయాల" అనేది. కష్టమైన మాట ఏదన్నా అడిగితే వెంటనే జవాబు చెప్పదు. పోయి ఒక ఆకు చిదిమి, వేళ్లు వాసన చూసుకుని, అప్పుడు చెప్పేది. కొన్నిసార్లు అప్పుడూ చెప్పేది కాదు.

చెట్టు కథ ఒకేసారి చెప్పలేదు. నాలుగు నెలలు పట్టింది నాకు పోగు చేసుకోవడానికి. స్వతంత్రానికి ముందు పెనుకొండలో ఒక దొర కుటుంబం ఉండేది. వాళ్ల కూతురిని పుట్టిన పొద్దు నుంచి సాకింది ఆయమ్మ. ఆ పిల్లను బేబమ్మ అనేది. దొరసాని బెంగుళూరు నుంచి తెచ్చి వేసిన చెట్లవి. ఎండిన పూలు గుడ్డసంచిలో కట్టి దిండు కింద పెడితే తప్ప బేబమ్మ నిద్రపోయేది కాదంట. వాళ్లు సీమకు, అంటే ఇంగ్లండుకు, వెళ్లిపోయేనాటికి పిల్లకు ఎనిమిదేండ్లు. రైలెక్కేటప్పుడు ఆయమ్మ మెడ పట్టుకుని వదల్లేదంట. "చెట్టు నీ దగ్గరే పెట్టుకో ఆయా, ప్రతి యేడూ నాకు సంచి పంపు" అనిందంట. తోటలో చెట్లన్నీ ఎండిపోయినాయి. ఆయమ్మ కొమ్మ అంటు తీసుకుని కాగులో నాటుకున్న ఒక్కటి మిగిలింది. ముదిరినప్పుడల్లా దాన్నుంచే కొత్త అంటు. ప్రతి యేడూ దీపావళి దాటినాక ఒక సంచి సీమకు పోయేది, క్రిస్మస్ దాటినాక ఒక నీలం ఉత్తరం వచ్చేది. ఆమెకు మొగుడు పోయి చాలా కాలం, పిల్లలు లేరు. ఆ ఉత్తరమే ఆమెకు అన్నీ.

నేను పోకముందు ఆ ఉత్తరాలు పాస్టరయ్య చదివిపెట్టేవాడు. నాకు ఇంగ్లీషు వచ్చునని తెలియగానే ఆ పని నాకు మారింది. "ఆయన గబగబా చదివేస్తాడు టీచరమ్మా. బేబమ్మ గబగబా మాట్లాడే పిల్ల కాదు" అనింది.

నా సంగతి కూడా చెప్పాలి. మొదటి ఆరు నెలలు నేను ఆమె ఇంట్లో కాఫీ తాగలేదు. మా అవ్వ చెప్పి పంపిన బుద్ధులు అట్లాంటివి. ఆమె ఎప్పుడూ తాగమనలేదు, నొచ్చుకున్నట్టూ కనపడలేదు. ఒక పొద్దు నా కండ్లు చూసి, "నిద్ర పట్టడంలేదా?" అని అడిగి, ఒక సంచి తెచ్చి గోడ మీద పెట్టి పోయింది. అది దిండు కింద పెట్టుకున్నాను. మనిషి పోయినాక తెల్లవార్లూ నిద్రపోయింది ఆ పొద్దే. మరుసటి పొద్దున నేనే పోయి, "కాఫీ ఉందా ఆయమ్మా?" అని అడిగినాను. రెండు లోటాలు కడిగి పెట్టింది. ఎన్నాళ్ల నుంచి అట్లా రెండు లోటాలు పెట్టుకుని ఉండిందో నేను అడగలేదు.

సంచులు పాత నూలుచీరతోనే కుట్టేది. నేను ధర్మవరం పట్టు ముక్కలు తెచ్చిస్తే వెనక్కి ఇచ్చేసింది. "పట్టు ముక్కు మూస్తుంది. బాగా ఉతికి నలిగిన గుడ్డ కావాల" అనింది.

ఇంక నేను చేసిన ఘనకార్యం. ఒక మార్చి నెలాఖర్లో ఆయమ్మ కంటి ఆపరేషన్‌కు హిందూపురం పోయింది. పదిహేను దినాలు. పోతా పోతా చెట్టు దగ్గర నన్ను నిలబెట్టి చెప్పింది. "ఏమీ చెయ్యొద్దు. చూస్తా ఉండు, చాలు. వచ్చే శుక్రవారం అరచెంబు. అంతే."

ఆ యేడు ఎండలు చెప్పనలవి కాదు. బాయి అడుగంటింది. మనిషికి నాలుగు కడవలు, అవీ పొద్దు పొడవకముందే పోయి వరసలో నిలబడితే. నేను రోజూ ఆ చెట్టును చూస్తున్నాను. ఆకు బూడిద రంగు. అది దాని రంగే అని నాకు తెలుసు, తెలిసీ మనసొప్పలేదు. మేము కరువులో పుట్టి కరువులో పెరిగినవాళ్లం. మా ఇంట్లో ఎవరన్నా గడప తొక్కితే ఎందుకొచ్చినావని అడగం, ముందు చెంబుతో నీళ్లిస్తాం. అంతకు మించిన మర్యాద మాకు తెలియదు. ఎండలో నిలబడిన ప్రాణానికి నీళ్లు పోస్తే చెడిపోతుందని మా పక్క ఎవరూ చెప్పగా వినలేదు. నా స్నానానికి పెట్టుకున్న కడవలో నుంచి రోజూ రెండు చెంబులు పోసినాను. ఊరికే నీళ్లు చాలవని ఇంత పేడ ఎరువు కూడా తెచ్చి వేసినాను. వారానికి కింది ఆకులు నల్లబడినాయి. దప్పికతో మాడుతోందనుకుని ఇంకో చెంబు పెంచినాను. నన్ను మించిన తెలివిగలది ఉందా?

ఆమె నల్ల అద్దాలు పెట్టుకుని బండి దిగేటప్పటికి చెట్టు నల్లటి పుల్లల కట్ట. ఆయమ్మ కాగు దగ్గర కూర్చుని మట్టి వేళ్లతో కెలికింది. పిండితే నీళ్లు కారినాయి. నేను ఏడుస్తా జరిగిందంతా చెప్పినాను. ఆమె నా స్నానాల గదిలోకి తొంగి చూసింది. అడుగున తడి కూడా లేని కడవ కనపడింది.

"నీ నీళ్లు పోసినావా?" అనింది.

"పోసినా ఆయమ్మా."

"ప్రేమగానే పోసినావు. దానికి పడలేదు, అంతే." చిదమడానికి ఒక్క ఆకు లేదు. ఉత్త వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని, కొంచేపు అట్లే కూర్చుంది. తిట్టింటే బాగుండు అని ఈ పొద్దుకూ అనుకుంటాను.

అంటు తీయడానికి పచ్చి కొమ్మ లేదు. దీపావళి దగ్గర పడింది. ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని హిందూపురం పూలంగడికి పోయి, నాలుగు కట్టలు దవనం కొనింది. ఇంటికి తెచ్చి నీడకు ఆరబెట్టి, నలిపి, సంచిలో పోసి మూతి కట్టింది.

"బేబమ్మ కనిపెట్టదా?" అన్నాను.

"కనిపెడితే తిడుతూ రాస్తుంది. రాయనీ" అనింది. దారం కొరికి, సంచి ఒడిలో పెట్టుకుని, "కనిపెట్టకపోతేనే..." అని ఆగిపోయింది.

అప్పుడర్థమయింది నాకు. పన్నెండేండ్లుగా పంపుతున్న సంచి అక్కడ ఎవరన్నా విప్పి చూస్తున్నారా లేదా అనేది ఆమెకు ఎప్పటి నుంచో ఉన్న దిగులు. నా తెలివితక్కువతనం వల్ల ఇప్పుడది తేలిపోతుంది. ఆ మూడు నెలలు నేను తపాలా మనిషిని చూస్తే తలుపు చాటుకు పోయేదాన్ని.

నీలం ఉత్తరం వచ్చింది. ఆయమ్మ కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. విప్పి చూసినాను. వానలు, చలి, కొత్త ఉద్యోగం. అడుగున ఒక వరస: 'లావెండరు అందింది. ఎప్పటి వాసనే.'

అంతే. నేను గొంతు సవరించుకుని, వానలు చదివినాను, చలి చదివినాను, ఉద్యోగం చదివినాను. ఆ వరస దగ్గరకు వచ్చి, "ఆయా, ఈసారి సంచి విప్పితే మన లావెండరు వాసన రాలేదు. ఇదేదో వేరే. చెట్టు బాగుందా? నువ్వు బాగుండావా?" అని చదివినాను. నా నోటి నుంచి అంత సాఫీగా అబద్ధం వస్తుందని నాకే తెలియదు.

ఆయమ్మ అద్దాలు తీసి కొంగుతో కండ్లు ఒత్తుకుంది. "చూసినావా దాని ముక్కు" అనింది. "మూడేండ్లప్పుడే పాలు అడుగంటితే పక్కగదిలో నుంచి చెప్పేది." ఆ వరస నా చేత ఐదుసార్లు చదివించుకుంది. ఐదుసార్లూ ఒకే మాదిరి చదవడానికి నాకు చెమటలు పట్టినాయి. ఆ ఆదివారం చర్చికి పోయేటప్పుడు వీధిలో ప్రతి గడప దగ్గరా ఆగి చెప్పింది.

చెట్టు బాగుందా అని పిల్ల అడిగితే చెట్టు ఉండొద్దా? రెండు వారాలు తిరక్కుండానే నన్ను లేవదీసి బెంగుళూరు బండెక్కించింది. దొరసాని కాలంనాటి తోటమాలి కొడుకు ఎక్కడున్నాడో విచారించి, సగం దినం నడిచి, రెండు లావెండరు మొక్కలు సంపాదించింది. తిరుగు ప్రయాణంలో వాటిని ఒళ్లో పెట్టుకుని, హిందూపురం దాటినాక దుమ్ముగాలి కొడతా ఉంటే కొంగు కప్పింది. నేను తాకబోతే, "నువ్వు చూడు, చాలు" అనింది. ఇద్దరం నవ్వినాము.

ఇంటికి రాగానే జవాబు రాయమనింది. చదివేటప్పుడు మార్చినదాన్ని, రాసేటప్పుడు మార్చలేకపోయినాను. ఆమె నా కలం కొస వైపే చూస్తా కూర్చుంది మరి. 'నిజమే తల్లీ, నువ్వు కనిపెట్టింది నిజమే, అది దవనం. చెట్టు పోయింది. కొత్తది తెచ్చినా. వచ్చే యేడు మన వాసనే పంపుతా.' రాసినాను. వేసినాను. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

రెండు నెలలకు జవాబు వచ్చింది. పండగ లేకుండా ఉత్తరం రావడం అదే మొదలు. విప్పి మొదటి వరస లోపల్లోపలే రెండుసార్లు చదువుకున్నాను. ఆయమ్మ ఎదురుగా కూర్చుని ఉంది. ఈసారి ఒక్క మాట కూడా మార్చకుండా చదివినాను.

'ఆయా, నేనట్లా రాయలేదు. నీకు ఎవరు చదివినారో గానీ నేను రాయని మాట చదివినారు. రాయాల్సిన మాట అదే. నేను ఆ సంచి విప్పలేదు. నాలుగైదేండ్లుగా ఏదీ విప్పలేదు. వచ్చినవి వచ్చినట్టు సొరుగులో వేసి, అదే వరస రాస్తున్నాను. నీ ఉత్తరం చదివి సిగ్గేసింది. అన్నీ తీసి నేల మీద పెట్టుకుని ఒక్కొక్కటి విప్పినాను. ఒక్కటి వేరే వాసన. మిగతావన్నీ మన ఇల్లు.'

కాగితం మడిచినాను. తలెత్తే ధైర్యం లేదు.

"అయితే ఆ ముక్కు నీదన్నమాట" అనింది ఆయమ్మ.

నేను కాళ్లు పట్టుకోబోతే పట్టుకోనీలేదు. లేచిపోయి కొత్త చెట్టు దగ్గర ఒక ఆకు చిదిమి, వాసన చూసుకుని, తిరిగొచ్చింది. "చెట్టుకు చేసిందే నాకూ చేసినావు పాపా. అక్కర్లేని నీళ్లు పోసినావు. ఇంకమీదట ఉన్నదున్నట్టు చదువు. నాకు ఉన్నదే కావాల" అనింది. టీచరమ్మా అనడం మాని పాపా అనింది ఆ పొద్దు నుంచే.

బేబమ్మ ఉత్తరాలు ఆ తర్వాత రెండేండ్లు కాస్త పొడుగ్గా వచ్చినాయి. మూడో యేడు రాలేదు. ఆ పై యేడూ రాలేదు. ఆయమ్మ సంచి పంపడం మానలేదు. నన్ను ధర్మవరానికి మార్చినాక ఇంకో సంచి కూడా కట్టడం మొదలుపెట్టింది, నాకు. "అందిందని రాస్తే చాలదు. ఏం వాసనో రాయాల" అని షరతు. మొదటి యేడు విప్పితే లావెండరులో మరువం కలిపి ఉంది. రాసినాను. రెండో యేడు చిటికెడు దవనం. ఇంకో యేడు నిమ్మగడ్డి. కనిపెట్టి కార్డు రాస్తే, ఎవరి చేతనో జవాబు రాయించేది: 'ముక్కు బాగానే పని చేస్తాంది.' ఆ ఒక్క ముక్క కోసం ఏడాదంతా చూసేదాన్ని. నాకు మాత్రం ఎవరున్నారు?

పోయిన యేడు సంచి వచ్చింది. ఆ వారం ఇల్లు మారుతున్నాను, స్కూల్లో పరీక్షలు. ఇవేవీ కారణాలు కావు. సంచి అందింది, లావెండరే గదా అనుకున్నాను. సొరుగులో వేసి, నిలబడిన చోటే కార్డు రాసినాను. 'ఆయమ్మకు నమస్కారాలు. లావెండరు అందింది. ఎప్పటి వాసనే.' ఆ వరస ఎవరిదో కూడా నాకు అప్పుడు గుర్తు రాలేదు. ఆమె నుంచి జవాబు రాలేదు. రాలేదని కూడా నేను గమనించలేదు.

ఇందాక సొరుగు మళ్లీ తీసినాను. ముడి గట్టిగా ఉంది, పళ్లతో కొరికితే గానీ రాలేదు. అరచేతిలో పోసుకున్నాను. దవనం. చివరిదాకా వెతికినాను. ఏమి కలిపినా అడుగున లావెండరే ఉండేది మా ఆటలో. ఈసారి ఒక్క పువ్వు లేదు. అంతా దవనమే, పొడి పొడి అయిపోయిన దవనం. చెట్టు పోయిందని, కొత్తది తెచ్చుకునే శక్తి తనకు లేదని, ఎవరి చేతా రాయించకుండా, నా ముక్కును నమ్మి పంపింది. అప్పుడే విప్పింటే ఆ వారమే బండెక్కి పోయిండేదాన్ని. నాలుగు స్టేషన్ల దూరం.

నా కార్డు ఆయమ్మకు చదివింది మొన్న ఈ కార్డు రాసిన టీచరమ్మే అయి ఉండాలి. ఉన్నదున్నట్టు చదవమని ఆయమ్మ ముందే చెప్పి ఉంటుంది. ఆ పిల్ల చెప్పిన మాట విననిదై ఉంటే బాగుండు. 'ఏం ఆయమ్మా, ఈ యేడు ఉత్త దవనం పంపినావు, చెట్టుకేమయింది, నేను వస్తాండా' అని నేను రాసినట్టు చదివింటే బాగుండు.